గ్లాసు అంచున ఉప్పు

పోలీసు జీపు పోర్టికోలో మూతి గేటు వైపు తిప్పుకుని సిద్ధంగా నిలబడి ఉంది. పరంజ్యోతి తన బుల్లెట్టును గోడ వారగా ఆపి, ముందు ఆ జీపును చూశాడు. తర్వాత గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయలు ఒలుచుకుంటున్న కానిస్టేబుల్ మల్లన్నను చూశాడు.

"ఎవరిని తీస్కపోనీకి వచ్చింది మల్లన్నా, జీపు?"

"వంట ముసలమ్మను సార్. పన్నెండు గొట్టంగనే సంగారెడ్డికి. సర్కిల్ సారు కాయితం గూడ రాసేసిండు."

"పల్లికాయలు మంచిగున్నయా?"

"ఉప్పు లేదు సార్. రాత్రి గిన్నెల మిగిలినయి, పారబోసుడెందుకని తింటున్న."

పరంజ్యోతికి నవ్వొచ్చింది. నవ్వును మీసం కిందే దాచుకున్నాడు. పదకొండున్నర కావస్తోంది. అరగంటలో ఒక ముసలిదాని మెడ ఉరితాడు వైపు బయలుదేరుతుంది. అరగంట అతనికి చాలు.

నిన్న సాయంత్రం ఈ బంగళాలో విందు జరిగింది. పటాన్‌చెరు రంగుల ఫ్యాక్టరీ మేనేజరు సుందర్‌రాజు బొంబాయి నుంచి వచ్చిన డైరెక్టరు కపాడియాకు ఇచ్చిన విందు. డ్రింకులు, వాటితో నంజుకునేవి, నవ్వులు. విందు మధ్యలో లేబర్ ఆఫీసరు నాగరత్నం సోఫాలోంచి పక్కకు ఒరిగాడు. పెదవులు నీలం తిరిగాయి. డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. పల్లికాయలు ఉడకబెట్టింది ఏసమ్మ, గిన్నెలు కడిగింది ఏసమ్మ, కాబట్టి చంపింది ఏసమ్మ అని పోలీసులు తేల్చారు. తెల్లవారగానే సుందర్‌రాజు మనిషిని పంపాడు: నువ్వొచ్చి ఏసమ్మను కాపాడు.

వచ్చే దారిలోనే పరంజ్యోతి ఫ్యాక్టరీ గేటు లోపలున్న డిస్పెన్సరీలో ఆగి, డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. చచ్చినవాడి రక్తం చాక్లెట్ రంగులో ఉందని డాక్టరు చెప్పాడు. మూడో షెడ్డులో రంగుల తయారీకి వాడే తెల్లటి పొడి ఒకటుంది, అది ఒంట్లోకి పోతే మనిషి ఇలాగే నీలం పడతాడు. కూలీలకు ఒకటి రెండుసార్లు అయింది కాబట్టి విరుగుడు సూది ఎప్పుడూ ఉంచుతారు. ఆ సూదిమందు కూడా నీలంగానే ఉంటుంది. వేళకు పడితే మనిషి బతుకుతాడు.

"చూడ్డానికి ఎట్లుంటది ఆ పొడి?" అని అడిగాడు పరంజ్యోతి.

"ఉప్పు లెక్క. రుచి గూడ ఉప్పు లెక్కనే" అన్నాడు డాక్టరు.

వరండాలో పేము కుర్చీ నిండా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామలింగేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. బీయే పాసై, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, ఆ ఉద్యోగాన్నీ పై అధికారి ముఖాన కొట్టి వచ్చిన పరంజ్యోతి అంటే అతనికి తగని వేడుక.

"రండి రండి, డిటెక్టివ్ గారూ! మీకోసమే చూస్తున్నాం. కేసు అయిపోయింది, తాంబూలం పుచ్చుకుని వెళ్దురుగాని."

"పెండ్లి అయినంక గద సర్కిల్ సాబ్, తాంబూలం. పిల్ల దొరికిందంటున్నరు, పిల్లగాడే దొరకలే."

"ఆవిడ కొడుకుని ఉద్యోగంలోంచి పీకేసింది ఆ నాగరత్నమే. ఇంకేం కావాలి మీకు?"

"ముసలమ్మతోటి రెండు ముచ్చట్లు గావాలె. పన్నెండు దాకనే."

ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకుని, దానం చేసినట్టు చెయ్యి ఊపాడు.

వంటింట్లో ఏసమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆమె మూటగట్టుకున్న బట్టలు పక్కనే ఉన్నాయి. ఏడవడం లేదు. సుందర్‌రాజు భార్య సుకుమారమ్మ పుట్టింట్లో వంటకు కుదిరి, సుకుమారమ్మతో పాటే ఈ ఇంటికొచ్చిన మనిషి. ఆ ఇంటి పిల్లలందరినీ ఎత్తుకు పెంచిన చేతులు ఒడిలో ముడుచుకుని ఉన్నాయి.

"పెద్దమ్మా, నేను జోగిపేట చర్చి ఉపదేశి కొడుకును. నాతోని అబద్ధం చెప్తే దేవునితోని చెప్పినట్టే" అన్నాడు పరంజ్యోతి, గడప మీద చతికిలబడుతూ.

"నువ్వు దేవునంత పెద్దోనివా అయ్యా?" అంది ఏసమ్మ.

"కాదు. కని ఆ పోలీసాయన కన్న పెద్దోన్నే. చెప్పు, గిన్నెలు గంత జల్దీ ఎందుకు కడిగినవు?"

"ఎంగిలి గిన్నెలు రాత్రంత ఉంచుతరా ఇంట్ల? సచ్చినోని ఎంగిలాయె."

"నీ కొడుకును తీసేసిన మనిషి."

"తీసేసిండు. నేను తిట్టిన గూడ. తిట్టిన నోటితోనే పల్లికాయలు తెచ్చి పెట్టిన. ఇంకిన్ని తెమ్మని అడుక్కొని తిన్నడు."

"పల్లికాయలల్ల ఉప్పెందుకు ఎయ్యలే?"

"అమ్మ ఎయ్యొద్దన్నది. గా డ్రింకు పక్కకు సప్పటియే పెట్టాల్నట. నాకేం సమజైతది గా ముచ్చట!"

పరంజ్యోతి లేచి మూలనున్న ఉప్పు జాడీ మూత తీశాడు. చెమ్మగిల్లిన గల్లుప్పు. రోట్లో వేలు పెట్టి తుడిచి నాలుక మీద వేసుకున్నాడు. పసుపు, అల్లం తప్ప మరేమీ లేదు.

"మెత్తటుప్పు ఏడున్నది?"

"వంటింట్ల మెత్తటుప్పెందుకయ్యా? గల్లుప్పే."

"మంచిది. నిన్న పొద్దుమీకి వంటింట్లకు ఎవరొచ్చిన్రు?"

"ఎవ్వలు రాలే."

జవాబు ప్రశ్న తోక పట్టుకుని వచ్చింది. అంతసేపూ ఆలోచించి మాట్లాడిన మనిషి ఈ ఒక్కదానికి ఆలోచించలేదు. పరంజ్యోతి కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీ గట్టు మీద నమిలి ఊసిన లవంగాల మొగ్గలు ఉన్నాయి.

"లవంగాలు ఎవరు నమిలిన్రు పెద్దమ్మా?"

"నేనే."

"దవడల పండ్లే లేకపాయె నీకు!"

ఏసమ్మ ముఖం గోడకు తిప్పుకుంది. ఇక నోరు విప్పదని అతనికి తెలుసు. జైలుకైనా పోతుంది గానీ ఆ పేరు చెప్పదు. పరంజ్యోతి గుచ్చి గుచ్చి అడగలేదు. వాసన తగలకుండా లవంగం నమిలే మనిషి ఎందుకు నముల్తాడో ఉపదేశి కొడుక్కి ఒకరు చెప్పాలా? తాగనని సంఘం ముందు మాటిచ్చిన ఇళ్ళలో లవంగాల ఖర్చు ఎప్పుడూ ఎక్కువే.

హాల్లో అడుగుల చప్పుడైంది. సుకుమారమ్మ తమ్ముడు దావీదు బావను భుజం మీద ఆనించుకుని నడిపించుకొస్తున్నాడు. ముప్పై దాటని, నవ్వు ముఖం కుర్రాడు. సుందర్‌రాజు ముఖం బూడిద రంగులో ఉంది.

"రాత్రి సంది బావకు నెమ్మది లేదన్నా. తల పగిలిపోతున్నదంటడు. మనిషి కండ్ల ముంగట సచ్చిపోతే ఎవరికైన అట్లనే ఉంటది గద" అన్నాడు దావీదు. మాటతో పాటు లవంగం వాసన వచ్చింది.

ఓహో, నువ్వేనా, అనుకున్నాడు పరంజ్యోతి. అక్క విందు ఇస్తుంటే వంటింట్లో నిలబడి గుటుక్కుమనిపించిన దొర. ఏసమ్మ దాచిన గుట్టు ఇంతేనన్నమాట. పాస్టరయ్యకు తెలిస్తే సంఘంలోంచి తీసేస్తారని పెంచిన పిల్లవాణ్ణి కాస్తోంది.

పరంజ్యోతి సుందర్‌రాజు చెయ్యి అందుకున్నాడు. గోళ్ళ కింద నీలి ఛాయ. పరంజ్యోతి కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇది భయం గాదు దావీదూ. జల్దీ డిస్పెన్సరీకి తీస్కపో. నీలం సూది ఎయ్యమను. డాక్టరుకు నా పేరు చెప్పు."

"గట్లనే అన్నా."

"పరంజ్యోతీ..." సుందర్‌రాజు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏసమ్మను... ఎట్లన్న జేసి..."

"అది నా పూచీ. నువ్వు కారెక్కు."

పరంజ్యోతే దగ్గరుండి ఫియట్ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. దావీదు మళ్ళీ లోపలికి పరుగెత్తి ఒక ఫ్లాస్కు తెచ్చి ముందు సీట్లో పెట్టుకున్నాడు.

"ఏంది అది?"

"నిమ్మకాయ నీళ్ళన్నా. దారిల గొంతెండుతదని."

కారు కదిలింది. పరంజ్యోతి తిరిగి లోపలికి నడిచాడు. అతని బుర్రలో ఏదో చిన్న రాయి చెప్పులో దూరినట్టు గుచ్చుకుంది. దులుపుకునే తీరిక లేదు. జీపు ఎదురుగా ఉంది, పన్నెండు దగ్గర పడుతోంది.

హాల్లో సోఫాలు నిన్నటి వరసలోనే ఉన్నాయి. సుకుమారమ్మ ఎర్రబడ్డ కళ్ళతో నిలబడి ఉంది. మెదక్ మిషను బళ్ళో చదివి, అక్కడే కొన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఏడుపును కొంగున దోపుకుని అడిగినదానికి జవాబు చెప్పడం ఆమెకు తెలుసు.

"నిన్న ఏ డ్రింకు, పక్కన ఏం పెట్టిన్రు? వరసగ చెప్పున్రి అమ్మా."

"అది కూడా కేసేనా?"

"అదే కేసు."

ఆమె టీపాయిలను ఒక్కొక్కటిగా చూపించింది. "ఇక్కడ జిమ్లెట్. జిన్ను, నిమ్మరసం, చక్కెర పాకం. అది పుల్లగా, తియ్యగా ఉంటది కదా, అందుకని కారం దట్టంగా వేసి ఉడికించిన బొబ్బెర గుడాలు పెట్టిన. అక్కడ విస్కీలో నిమ్మకాయ కలిపింది. దానికి సకినాలు, నెయ్యిలో వేయించిన జీడిపప్పు. విస్కీ ఘాటుకు నువ్వుల కమ్మదనం జత. ఇక్కడ టమాటా డ్రింకు."

"టమాటా డ్రింకు అంటే? బ్లడీ మేరీయా?"

"ఆ పేరు నా నోటితోని అనను" అంది సుకుమారమ్మ. "మరియమ్మ పేరుకు ముందర ఆ మాటేంది? టమాటా రసం, వోడ్కా, మిరియాలు. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, ఉప్పులో అద్దాలి. తాగేటప్పుడు ప్రతి గుక్కకూ కొంచెం ఉప్పు పెదవికి తగులుతది. అంచున ఉప్పున్నప్పుడు పళ్ళెంలో ఉప్పుండొద్దు. రెండూ ఉప్పైతే నోరు మొద్దుబారుతది. అందుకే పల్లికాయలు చప్పగా ఉడికించమన్నా."

"మీరు చుక్క ముట్టరాయె. ఎట్ల తెలిసింది ఇదంత?"

"మొదట ఇంగ్లీషు పత్రికలో చూసిన. తర్వాత తాగేటోళ్ళ ముఖాలు చూసి దిద్దుకున్నా. పప్పుకు పచ్చిపులుసు జత కలపడానికి, దీనికి పెద్ద తేడా ఏముంది? ముఖం వికారంగా పెడితే మరుసటిసారి ఆ జత మార్చేదాన్ని."

ఆ మాటలో కాస్త గర్వం తొంగిచూసింది. వెంటనే ఆమె దాన్ని వెనక్కి లాక్కుంది. పరంజ్యోతికి ఆ గర్వం నచ్చింది. పనిని ఇలా పట్టుకునేవాళ్ళు దొరకడం లేదు.

"టమాటా డ్రింకు ఎవరెవరు తాగిన్రు?"

"కపాడియా గారు, నాగరత్నం గారు. మా ఆయన కూడా. అంటే వోడ్కా లేకుండా, వట్టి రసం. అతిథి ఒక్కడే తాగుతుంటే ఇబ్బంది పడతడని అదే గ్లాసు, అదే అంచు. ఒకే జగ్గులోని రసం."

"ఈ సోఫాల నాగరత్నం కూసున్నడు. ఆయన ముంగట ఏమేమున్నయి?"

"గ్లాసు, పల్లికాయల పళ్ళెం, ఉప్పు సాసరు."

"ఉప్పు సాసరు ఇక్కడెందుకుంది?"

"గ్లాసులు ఇక్కడే, వాళ్ళ ముందే అద్దిన. చూడ్డానికి బాగుంటదని. సాసరు తియ్యడం మరిచిపోయిన."

పరంజ్యోతి సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తివాచీ అంచు పైకెత్తాడు. నిన్నటి నుంచి ఎవరూ ఊడ్చలేదు. పల్లికాయ పొట్టు ముక్కలు, వాటి పక్కనే నేల మీద సన్నటి తెల్లటి రజను. సోఫా చేతి మీద, తడి వేళ్ళు ఆనిన చోట, అదే తెల్ల రజను ఎండిపోయి అంటుకుని ఉంది. కళ్ళు మూసుకున్నాడు. నాగరత్నం కనిపించాడు. సూటు వేసుకున్నా కల్లు కంపౌండులో పెరిగిన మనిషి. చప్పటి పల్లికాయలు నోట్లో వేసుకుని ముఖం చిట్లించి ఉంటాడు. ఎదురుగా సాసరులో ఉప్పు ఉంది. కల్లు దుకాణంలో ముంతతో పాటు నంజుకోవడానికి ఉప్పూకారం పెట్టినట్టే ఉంది. ఒక్కో గింజనూ దాంట్లో అద్దుకుని తిని ఉంటాడు.

"కపాడియా ఎట్ల తాగిండు?"

"ఆయనకు బీపీ అట. జేబు రుమాలుతో అంచు శుభ్రంగా తుడుచుకుని తాగిండు. నా మనసు చివుక్కుమంది."

"మీ మనసు చివుక్కుమనుడే ఆయన ఆయుష్షమ్మా" అని పరంజ్యోతి లేచాడు.

వరండాలోంచి కేక వినిపించింది. "ఏవమ్మా, కాస్త మజ్జిగ ఇప్పిస్తారా? ఉప్పు దండిగా వేసి! ఈ పటాన్‌చెరు ఎండ మనుషుల కోసం పుట్టింది కాదు."

ఏసమ్మ అరెస్టులో ఉంది కాబట్టి సుకుమారమ్మే భోజనాల గదిలోకి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టర్ హాల్లోకి వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. "ఏం తేల్చారు ఎనిమిదో క్లాసు డిటెక్టివ్ గారు?"

"ఏసమ్మ చంపలేదని తేలింది."

"ఎలాగండీ? బైబిల్లో రాసుందా?"

సుకుమారమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. ఇన్‌స్పెక్టర్ అందుకుని ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశాడు. పరంజ్యోతి తన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. పొద్దున్నుంచి గొంతు ఎండిపోయి ఉంది. పెదవి దాకా తెచ్చాడు.

"విషం పల్లికాయల్లో ఉంది. ఉడకబెట్టిన చెయ్యి ఆవిడది. దీనికి మీరేం చెబుతారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పరంజ్యోతి గ్లాసు దించాడు. "మల్లన్నా! జెర ఇటు రా!"

కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చి సెల్యూట్ కొట్టాడు. చెక్కిలికి పొట్టు అంటుకుని ఉంది.

"పొద్దుగాల సంది ఏం తింటున్నవు నువ్వు?"

మల్లన్న ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి నీళ్ళు నమిలాడు. "పల్లికాయలు సార్."

"ఎక్కడియి?"

"రాత్రియే సార్. వంటింట్ల ఉడకవెట్టిన గిన్నెలయి."

"సాక్ష్యాన్ని తినేస్తున్నావురా దరిద్రుడా!" ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు.

"తిననియ్యున్రి సాబ్. గిన్నెడు తిన్నడు. మీకన్న నాకన్న మంచిగున్నడు. విషం పల్లికాయలల్ల లేదనేటందుకు ఇంతకన్న పెద్ద సాక్ష్యం యాడ దొరుకుతది మనకు?"

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డలా అయింది. "అయితే డ్రింకులో కలిపింది. వంటింట్లోంచేగా వచ్చింది!"

పరంజ్యోతి మళ్ళీ గ్లాసు ఎత్తాడు.

"మాట్లాడండి! మాట్లాడ్డానికి ఏమీ లేనప్పుడు మజ్జిగ తాగుతారా? చదువు లేకపోతే ఇదే గొడవ. ముందు వెనకలు కలపడం రాదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పరంజ్యోతి గ్లాసును టీపాయి మీద కొట్టినట్టు పెట్టాడు. మజ్జిగ ఒలికింది.

"కలుపుత. మంచిగ వినున్రి. ఒకటే జగ్గు రసం, ముగ్గురు తాగిన్రు. కపాడియా అంచు తుడుసుకొని తాగిండు. ఆయనకేం గాలే, పొద్దుగాల విమానమెక్కి పోయిండు. సుందర్‌రాజు అంచు మీదికెళ్లి తాగిండు. ఆయన నీలం పడ్డడు, ఇప్పుడే కారెక్కిచ్చిన. నాగరత్నం అంచు మీదికెళ్లి తాగుడే గాక, చప్పటి పల్లికాయలను సాసరుల అద్దుకొని తిన్నడు. సచ్చిండు. ముగ్గురి నడుమ తేడా ఏంది? రసం గాదు, పల్లికాయ గాదు. ఉప్పు!"

పరంజ్యోతి సోఫా చేతి మీద ఎండిన తెల్ల రజనును వేలితో చూపించాడు.

"మూడో షెడ్డుల ఉప్పు లెక్క కనవడే పొడి ఉన్నది. ఎవరో దాన్ని తెచ్చిన్రు. ఎవరిని చంపనీకి? నాగరత్నాన్ని గాదు. సాసరుల అద్దుకొని తింటడని ఎవరికి ఎరుక? ఆ మనిషి నడుమల పడి సచ్చిండు. గ్లాసు అంచుకు ఉప్పు అద్దుతరని, ఆ గ్లాసు ఈ ఇంటి పెద్దమనిషి తప్పకుంట తాగుతడని ఎరుకున్నోడు చేసిన పని ఇది. వంటింట్ల ఉన్నది గల్లుప్పు. రోట్ల ఉప్పు నూరిన జాడ లేదు. మరి అంచుకు అద్దిన మెత్తటుప్పు ఈ ఇంటికి ఎట్లొచ్చింది?"

అతను సుకుమారమ్మ వైపు తిరిగాడు. "ఆ ఉప్పు సీసా ఏదమ్మా?"

"అద్దాల బీరువాలో..." ఆమె మాట మధ్యలో తెగింది. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. "గల్లుప్పు జల్దీ కరగదని... ఇప్పుడు మజ్జిగలో..."

ముగ్గురి చూపులూ ఒకేసారి ఇన్‌స్పెక్టర్ ముందున్న ఖాళీ గ్లాసు మీద పడ్డాయి. తర్వాత పరంజ్యోతి ముందున్న నిండు గ్లాసు మీద.

"ఏంటి అలా చూస్తారు?" అన్నాడు రామలింగేశ్వరరావు. లేవబోయి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "ఈ ఫ్యాను... గాలి రావట్లేదేంటి?"

అతని పెదవుల అంచుల నుంచి నీలిరంగు లోపలికి పాకుతోంది.

"మల్లన్నా, పట్టు! సాబ్, నోట్లె వేలు పెట్టుకోని కక్కున్రి. కక్కున్రి అంటున్న!"

ఇన్‌స్పెక్టర్ తివాచీ మీద కక్కాడు. బీయే పట్టా, నక్షత్రాలు, బెల్టు అన్నీ కలిపి ఇద్దరు మనుషులు మోయాల్సి వచ్చింది. పోర్టికోలో సిద్ధంగా మూతి తిప్పుకుని ఉన్న జీపు వెనక సీట్లో అతన్ని పడుకోబెట్టారు. ఏసమ్మ కోసం తుడిచి పెట్టిన సీటు.

"భయపడకున్రి. డిస్పెన్సరీ ఈడనే. సూది పడితే రేపటికల్ల మళ్ళ నన్ను తిడుతరు" అన్నాడు పరంజ్యోతి. "మీ తిట్టే ఇయ్యాల నన్ను కాపాడింది. రెండుసార్లు గ్లాసు దించిచ్చిన్రు."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరిచాడు. వెటకారం పోయి, ప్రాణం మీద తీపి ఉన్న మామూలు మనిషి కళ్ళు. "ఏసమ్మ కాయితం..." అని డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. "చింపెయ్యవయ్యా."

డ్రైవరు కాయితం రెండుగా చింపి బయటికి విసిరి జీపు దూకించాడు.

వంటింటి గుమ్మంలో ఏసమ్మ బట్టల మూటతో నిలబడి ఇదంతా చూస్తోంది. పరంజ్యోతి ఆమెను చూసి నవ్వాడు. "మూట లోపల పెట్టు పెద్దమ్మా. పోయేది లేదు ఇగ. మల్లన్నా, నువ్వు ఉరికి డిస్పెన్సరీకి పో. సుందర్‌రాజు సారు ఎట్లున్నడో చూసిరా."

"ఆడ ఎందుకుంటడు సార్?" అన్నాడు మల్లన్న. "ఫియట్టు ఫ్యాక్టరీ దిక్కు పోలే. ముత్తంగి దిక్కు పోయింది. నేను గేటు కాడనే ఉంటి గద."

చెప్పులో రాయి ఇప్పుడు పూర్తిగా దిగింది. డిస్పెన్సరీ కూతవేటు దూరం. కూతవేటు దూరానికి దారిలో గొంతు ఎండుతుందని ఫ్లాస్కు ఎందుకు?

"సుకుమారమ్మా! సీసా ఎవరు తెచ్చిన్రు?"

"దావీదు" అంది ఆమె. ఆ పేరు పలుకుతూనే గోడకు ఆనుకుంది. "గల్లుప్పు అంచుకు పట్టదక్కా, అబిడ్స్ నుంచి తెచ్చినా అని మొన్న ఇచ్చిండు. వాడు... మూడో షెడ్డు పెత్తనం వాడిదే. రాత్రి మా ఆయన కపాడియా గారితో ఆ షెడ్డు సంగతే మాట్లాడాలనుకున్నరు. వాడిని తీసేయమని. మాట్లాడేలోపే నాగరత్నం గారు..."

సుందర్‌రాజు బతికి ఉంటే ఆ మాట ఇంకా చెబుతాడు. నిన్న అంచు మీద సగంలో ఆగిన పనిని దావీదు ఈవేళ పూర్తి చేయబోతున్నాడు. కారు తలుపు తెరిచి పట్టుకుంది పరంజ్యోతే. లవంగాల వాసన పట్టి, అది తాగుడు గుట్టేనని మురిసిపోయి, అంతకు మించి చూడలేదు. ఉపదేశి కొడుకు బుద్ధి! తాగుడును మించిన పాపం ఉందని చర్చి పిల్లలకు తట్టదు.

అతను బుల్లెట్టు వైపు పరుగు తీశాడు. వెనక నుంచి మూట నేల మీద పడ్డ చప్పుడైంది.

"అయ్యా, ఆగు!" ఏసమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ వస్తోంది. "నిన్న వాడే వంటింట్లకు వచ్చిండు. 'తాగిన, ఎవ్వలకు చెప్పకు' అన్నడు. అదొక్కటే తప్పనుకున్న. ఇందాక ఆ బీరువల సీస తీసి ఫ్లాస్కుల ఒంపుతుంటే గూడ సూసిన. ఉప్పే గదా అనుకున్న."

"ఎంత ఒంపిండు?"

"సగం సీస."

పరంజ్యోతి కిక్కు కొట్టాడు. బుల్లెట్టు గర్జించింది. అప్పటికే ఏసమ్మ వెనక సీటు ఎక్కి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది.

"నువ్వెందుకు పెద్దమ్మా? దిగు!"

"నీ కోసం ఆగుతడా వాడు? పోలీసోళ్ళ కోసం ఆగుతడా? నేను పిలిస్తే ఆగుతడు. నా రొమ్ము మీద పండినోడు."

"ఆగకపోతే?"

ఏసమ్మ కొంగులోంచి పిడికిలి బయటికి తీసింది. అందులో వంటింటి నూరుడు రాయి ఉంది.

"కారు అద్దం పగలగొడ్త. నువ్వు పోనియ్యి."